రెండు లా కాలేజీల్లో సీటొచ్చిందా? విజయవాడ, గుంటూరు విద్యార్థులు ఎటు చేరాలో తేల్చుకునే పద్ధతి

క్లాట్ (జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) రాసిన అమ్మాయికి విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. అదే అమ్మాయికి లాసెట్‌లో (రాష్ట్ర లా కాలేజీల ప్రవేశ పరీక్ష) గుంటూరులో ఇంటికి దగ్గరి కాలేజీ కూడా వచ్చింది. ఇక ఇంట్లో టెన్షన్ మొదలు. నాన్న ఫీజు లెక్కేస్తారు. మేనమామ ర్యాంకింగులు చూపిస్తాడు. తెలిసిన ప్లీడరుగారిని అడిగితే "ఏ కాలేజీ అయితే ఏముందమ్మా, నేర్చుకునేదంతా కోర్టులోనే" అంటారు. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. అయితే ఆ అమ్మాయి రేపు ఏం చేయబోతుందో ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు.

నేను గుంటూరు కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. న్యాయవాదులుగా ఎన్‌రోల్ అయ్యి (పేరు నమోదు చేయించుకుని) కొత్త నల్లకోటుతో వచ్చే పిల్లల్ని చూస్తుంటాను. ఎవరు నిలబడతారు, ఎవరు మధ్యలో వదిలేసి వేరే ఉద్యోగం వెతుక్కుంటారు అన్నది చాలాసార్లు తెలివితేటల మీద ఆధారపడదు. డిగ్రీ అయిన తర్వాతి మూడేళ్లు వాళ్ల చేతులు ఎంత ఖాళీగా ఉన్నాయి, తల మీద ఎంత అప్పు ఉంది అన్న దాని మీద ఆధారపడుతుంది. అందుకే కాలేజీని ఆ మూడేళ్లను దృష్టిలో పెట్టుకుని ఎంచుకోమంటాను. కింద చెప్పే లెక్కలన్నీ దానికోసమే. ఐదేళ్ల కోర్సును ఉదాహరణగా తీసుకున్నాను. డిగ్రీ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరేవాళ్లూ అంకెలు మార్చుకుని ఇదే దారిలో వెళ్లొచ్చు.

1. ముందు తేదీలు కాగితం మీద పెట్టండి

రెండు సీట్లూ ఒకే రోజు చేతికి రావు. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది, దాని కౌన్సెలింగ్ వేసవిలోనే చాలావరకు అయిపోతుంది. మన లాసెట్ పరీక్ష వేసవిలో పెట్టినా, సీట్ల కేటాయింపు సెప్టెంబరు దాకా, ఒక్కో ఏడు ఇంకా వెనక్కి పోతుంది. అమరావతిలో వీఐటీ ఏపీ, వడ్డేశ్వరంలో కేఎల్ లాంటి ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రవేశాలు వాటి పద్ధతిలో అవి జరుగుతాయి. అంటే ఒక చోట డబ్బు కట్టేశాక రెండో చోటి నుంచి కబురు వస్తుంది.

ఒక్కో సీటుకు నాలుగు సంగతులు రాసుకోండి: డబ్బు కట్టాల్సిన చివరి తేదీ, ఎంత కట్టాలి, మానుకుంటే ఎంత తిరిగొస్తుంది, తరగతులు ఎప్పుడు మొదలు. క్లాట్ కౌన్సెలింగులో వచ్చిన సీటుతో సరిపెట్టుకుంటే ఫ్రీజ్, ఇంకా మంచిది వస్తుందేమో చూడాలంటే ఫ్లోట్, వద్దనుకుంటే ఎగ్జిట్ పెట్టాలి. ఫ్లోట్ పెట్టి పైసీటు వస్తే పాతది పోతుంది, వెనక్కి రాదు. ఇది తెలియకుండా నొక్కేవాళ్లున్నారు కాబట్టి ఇంట్లో అందరూ కూర్చుని నొక్కండి.

ఇంకో జాగ్రత్త. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎక్కడా వదిలి రావద్దు. సరిచూసుకుని వెంటనే తిరిగిచ్చేయాలని, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2018లోనే స్పష్టంగా చెప్పింది. "మా రూలు ఇంతే" అనే కౌంటరు దగ్గర ఆ నోటిఫికేషన్ ప్రింటు చూపించండి.

2. గుర్తింపు సంగతి

ఇందులో ఎక్కువ ఆలోచించాల్సింది లేదు, చూసి తీరాలంతే. న్యాయవాదిగా పేరు నమోదు కావాలంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన డిగ్రీ ఉండాలని 1961 అడ్వొకేట్స్ యాక్ట్ చెబుతోంది. కాలేజీకి పాత పేరుండొచ్చు, విశ్వవిద్యాలయానికి నాణ్యతను అంచనా వేసే న్యాక్ ఇచ్చిన గ్రేడు ఉండొచ్చు. మీరు చేరే కోర్సుకు, మీరు చేరే ఏడాదికి అనుమతి ఉందా అన్నదే అడగాలి. బీఏ ఎల్‌ఎల్‌బీకి ఉండి బీబీఏ ఎల్‌ఎల్‌బీకి లేకపోవచ్చు. అనుమతి ఉత్తర్వు కాపీ చూపించమనండి, ఎన్ని సెక్షన్లకు ఇచ్చారో చూడండి. ఒక్కో సెక్షనులో 60 మందికి మించకూడదు.

2025 ఆగస్టులో బార్ కౌన్సిల్ కొత్త లా కాలేజీలకు, ముందస్తు అనుమతి లేని కొత్త సెక్షన్లకు, కోర్సులకు మూడేళ్ల నిషేధం పెట్టింది. కాబట్టి "ఈ ఏడే కొత్త కోర్సు మొదలుపెడుతున్నాం, అనుమతి వచ్చేస్తుంది" అని ఎవరైనా అంటే ఆ సీటు గురించి ఇక ఆలోచించనక్కర్లేదు.

3. ఎన్‌రోల్ అయిన మర్నాడు పొద్దున ఎక్కడుంటారు?

అసలు నిర్ణయం ఇక్కడే ఉంది. పద్దెనిమిదేళ్లకు ఎవరికీ కచ్చితంగా తెలియదు, నిజమే. అయినా మొగ్గు ఎటుందో తెలుస్తుంది. దారులు ముఖ్యంగా నాలుగు.

మొదటిది కింది కోర్టు ప్రాక్టీసు. గుంటూరు, విజయవాడ, తెనాలి, నరసరావుపేట, మచిలీపట్నం ఎక్కడైనా సరే. ఇక్కడ సాక్షి తెలుగులో చెబుతాడు, క్లయింటు తెలుగులో ఏడుస్తాడు, అడంగల్, పాత దస్తావేజు, వీలునామా తెలుగులోనే ఉంటాయి. సీనియర్ ఆఫీసు, గుమస్తాలు, బెంచ్ క్లర్కులు, ఊళ్ల పేర్లు, కులాలు, పొలాల తగాదాలు, వీటన్నిటితో పరిచయం ఒక్కరోజులో రాదు. చదువుకునే ఐదేళ్లూ ఇక్కడే ఉన్న విద్యార్థి సాయంత్రాలు ఏదో ఒక ఆఫీసులో కూర్చుంటే, పట్టా వచ్చేసరికి సగం జూనియర్ అయిపోతాడు. ఈ దారి గట్టిగా అనుకున్నవాళ్లకు దగ్గరి కాలేజీ తక్కువదేమీ కాదు. నా ఉద్దేశంలో అదే మేలు, ఒక్క షరతు మీద: తరగతులు నిజంగా జరగాలి.

రెండోది హైకోర్టు. మన ప్రాంతానికి ఇది బాగా మారిన విషయం, పెద్దల లెక్కల్లోకి ఇంకా ఎక్కలేదు. ఒకప్పుడు హైకోర్టు అంటే హైదరాబాద్ రైలెక్కడమే. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరుగా పని చేస్తోంది, ఇప్పుడది అమరావతిలో నేలపాడు దగ్గర ఉంది. గుంటూరు నుంచైనా బెజవాడ నుంచైనా పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం ఐదేళ్ల కోర్సులో కనీసం 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏ ఏడాదిలోనూ ఏకబిగిన నాలుగు వారాలకు మించకూడదు. చదువు పూర్తయ్యేలోపు ఒక్కసారైనా ట్రయల్ న్యాయవాది దగ్గర, అప్పీలు న్యాయవాది దగ్గర పని చూసి ఉండాలి. ఈ రెండూ ఇంటి నుంచే చేయగల వీలు రాష్ట్రంలో మన వాళ్లకున్నంతగా ఇంకెవరికీ లేదు. అయితే రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. రిట్ అఫిడవిట్ ఇంగ్లీషులో పదునుగా రాయలేకపోతే అక్కడ కష్టం. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఈ ఒక్క విషయంలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాతావరణం వల్ల బాగా లాభపడతారు. రోజూ చదవడం, రాయడం, వాదించడం అన్నీ ఇంగ్లీషులోనే కాబట్టి.

మూడోది న్యాయమూర్తి పరీక్ష. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు నిబంధన మళ్లీ వచ్చింది. ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (న్యాయవాదిగా తాత్కాలిక నమోదు) నాటి నుంచి ఈ కాలాన్ని లెక్కిస్తారు. పట్టా తీసుకుని, రెండేళ్లు కోచింగులో కూర్చుని జడ్జి అయిపోదామనుకునేవాళ్లు లెక్క మార్చుకోవాలి. ఆ మూడేళ్లు తిండి, అద్దె ఎవరు పెడతారన్నది ఇప్పుడే ఆలోచించాలి.

నాలుగోది కార్పొరేట్ లా ఫర్మ్‌లు, కంపెనీల లీగల్ విభాగాలు. ఇక్కడ మొహమాటం లేకుండా చెబుతాను: పెద్ద ఫర్మ్‌లు ఏ క్యాంపస్‌కు వస్తాయో చూసే చేరాలి. హైదరాబాద్, ముంబయి, బెంగళూరు ఉద్యోగమే లక్ష్యమైతే దగ్గరి కాలేజీలో చేరి ఆ తలుపు తర్వాత తెరుచుకోవడం చాలా కష్టం. అసాధ్యమని అనను. ఈ దారిలో ఎక్కువ ఫీజుకు అర్థముంది.

పేర్లు చూసి మోసపోవద్దు. 48వ భారత ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ ఎన్.వి. రమణ చదివిన లా మన నాగార్జున విశ్వవిద్యాలయానిదే. దీన్నిబట్టి దగ్గరి చదువుతో పైకి వెళ్లే దారి మూసుకుపోదని తెలుస్తుంది. ఈ ఏడాది చేరే మీకు ఆ తరగతి గదిలో ఏం దొరుకుతుందో మాత్రం దీన్నిబట్టి తెలియదు. ఏ కాలేజీ అయినా తన పాత విద్యార్థుల ఫొటోలు చూపిస్తే ఇదే గుర్తుంచుకోండి.

4. అప్పు లెక్క, వాయిదాతో సహా

చాలా ఇళ్లలో మొదటి ఏడాది ఫీజు పక్కపక్కన పెట్టి చూస్తారు. అది చాలదు. ఐదేళ్ల ట్యూషన్ ఫీజు, హాస్టల్, మెస్, ప్రయాణాలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, ఢిల్లీ, ముంబయి ఇంటర్న్‌షిప్‌లకు వెళ్తే అక్కడి గది అద్దె, అన్నీ కలపండి. ఫీజు ఏటా పెరుగుతుందా, మొదటి ఏడాది మొత్తమే చివరిదాకా ఉంటుందా అన్నది లిఖితంగా అడగండి. లాసెట్ సీటయితే కన్వీనర్ కోటానా, మేనేజ్‌మెంట్ కోటానా చూసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ దాన్ని బట్టే ఉంటుంది. ప్రభుత్వం డబ్బు ఆలస్యంగా వేస్తే ఆలోగా మిమ్మల్ని కట్టమంటారా, హాల్‌టికెట్ ఆపుతారా అన్నది చివరి ఏడాది విద్యార్థులను అడిగితే చెబుతారు.

ఇప్పుడు అప్పు. ఏడాదికి 2 లక్షల చొప్పున ఐదేళ్లకు 10 లక్షలు బ్యాంకు రుణం తీసుకున్నారనుకుందాం, వడ్డీ 10 శాతం. చదువు అయ్యేదాకా, ఆపైన ఇంకో ఏడాది, వాయిదా కట్టనక్కర్లేదు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. బారువడ్డీ వేసినా మొదటి 2 లక్షల మీద ఆరేళ్లకు లక్షా 20 వేలు, రెండో విడత మీద లక్ష, తర్వాత 80 వేలు, 60 వేలు, 40 వేలు. మొత్తం 4 లక్షలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు అప్పు 14 లక్షలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 18,500 రూపాయలు.

దీని పక్కన ఇంకో అంకె పెట్టండి. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకు పట్టణాల్లో నెలకు కనీసం 20 వేలు, గ్రామీణ ప్రాంతాల్లో 15 వేలు ఇవ్వాలని సూచించింది. సూచనే, తప్పనిసరి కాదు. మా జిల్లాల్లో మొదటి ఏడాది అంత ఇచ్చే సీనియర్లు అరుదు. ఆ 20 వేలూ నిజంగా చేతికొచ్చినా వాయిదా పోగా మిగిలేది 1,500. అప్పుతో వచ్చిన పిల్లలు ఏడాది తిరక్కుండానే కోర్టు మానేసి జీతం వచ్చే ఏ పనికైనా వెళ్లిపోవడానికి ఇదే కారణం. బాగా వాదించగల పిల్లలు అలా వెళ్లిపోతుంటే చూడటం చాలా బాధగా ఉంటుంది.

అందుకని: కోర్టు ప్రాక్టీసో, జడ్జి పరీక్షో మీ దారయితే, అప్పు లేకుండా లేదా చిన్న అప్పుతో పూర్తయ్యే సీటుకు ఎక్కువ మార్కులు వేయండి. కార్పొరేట్ దారయితే ఇదే 18,500 మొదటి జీతంలోంచి కట్టగలిగే మొత్తమే కావచ్చు, అప్పుడు లెక్క తిరగబడుతుంది. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేని కుటుంబాలకు ఈ అడుగు అంత ముఖ్యం కాదు, దాటి వెళ్లొచ్చు.

బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఫీజు కట్టే ఆలోచన మాత్రం మానుకోండి. అది ఏడాదికి 24 శాతం. పొలం కాగితాలు తాకట్టులో పెట్టి లా చదివించడం కంటే, దగ్గరి కాలేజీలో చదివించి ఆ మిగులును జూనియర్‌గా ఉండే మూడేళ్లకు దాచడం పిల్లలకు ఎక్కువ మేలు చేస్తుంది.

5. మామూలు మంగళవారం పదకొండు గంటలకు కాలేజీకి వెళ్లండి

ఓపెన్ హౌస్ రోజున, ప్రారంభోత్సవాల రోజున వెళ్తే ఏమీ తెలియదు. చెప్పకుండా మామూలు పనిదినాన వెళ్లి వరండాలో నడవండి. ఎన్ని తరగతులు జరుగుతున్నాయి? మూడో ఏడాది, నాలుగో ఏడాది బెంచీల్లో ఎంతమంది కూర్చున్నారు?

ఇది ఎందుకు చెబుతున్నానంటే, "రోజూ రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం" అని చెప్పి సీట్లు నింపే పద్ధతి ఒకటుంది. ఉద్యోగం చేసుకుంటూ పట్టా తీసుకుందామనుకునేవాళ్లకు అది వరంలా కనిపిస్తుంది. బార్ కౌన్సిల్ నియమాలు ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు అడుగుతున్నాయి. అది అటుంచినా, సివిల్ ప్రొసీజర్, ఎవిడెన్స్ తరగతిలో కూర్చోకుండా పట్టా పట్టుకొచ్చిన మనిషి చేతిలో ఒక కుటుంబం తన ఇల్లో, బిడ్డ సంరక్షణో పెడుతుంది. రెండు సీట్లలో ఒకటి అలాంటిదని తేలితే ఎంత దగ్గరైనా, ఎంత చవకైనా వద్దు.

టైంటేబుల్ అడిగి గంటలు లెక్కపెట్టండి. సెమిస్టరుకు కనీసం 15 వారాలు, వారానికి ట్యుటోరియల్, మూట్ కోర్టుతో (నమూనా కోర్టులో వాదనల సాధన) కలిపి 30 తరగతి గంటలు ఉండాలి. డ్రాఫ్టింగ్, వృత్తి నైతికత, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు అనే నాలుగు ప్రాక్టికల్ పేపర్లు తప్పనిసరి. పోయినేడాది విద్యార్థుల డ్రాఫ్టింగ్ రికార్డు ఒకటి చూపించమనండి. అన్ని రికార్డుల్లోనూ ఒకే ప్లెయింటు (దావా పత్రం), ఒకే పేర్లతో, ఒకే తప్పులతో ఉంటే అక్కడ ఎవరూ దిద్దడం లేదని అర్థం. కాలేజీ ఎలాంటిదో చెప్పడంలో నాకు ఇంతకంటే నమ్మకమైన పరీక్ష కనిపించలేదు.

లైబ్రరీలో రెండు సంగతులు చూడండి. భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం పాత ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్ట్‌ల స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చాయి. వాటి మీద మంచి పుస్తకాలు వచ్చాయా, లేక అలమరా నిండా పాత ఐపీసీ వ్యాఖ్యానాలేనా? పాతవీ కావాలి, అంతకుముందు జరిగిన నేరాల కేసులు ఇంకా ఏళ్లపాటు నడుస్తాయి కాబట్టి. రెండోది, తీర్పులు వెతికే ఎస్‌సీసీ ఆన్‌లైన్ లేదా మనుపాత్ర వెబ్‌సైటు విద్యార్థులకు నిజంగా తెరిచి ఉందా? "ఉంది" అంటే, ఒక విద్యార్థిని లాగిన్ చేసి చూపించమనండి.

దూరపు కాలేజీకి స్వయంగా వెళ్లలేకపోతే అక్కడ చదువుతున్న మన జిల్లా పిల్లల్ని పట్టుకుని ఇవే అడగండి.

6. ప్లేస్‌మెంట్ మాటలు

బ్రోచరులో కనిపించేది అత్యధిక జీతం. మీరు అడగాల్సింది మధ్యలో ఉన్న విద్యార్థి సంగతి: మొత్తం బ్యాచ్‌లో ఎంతమంది ఉద్యోగం కోరారు, ఎంతమందికి వచ్చింది, సగటు పిల్లవాడికి ఎంత, అందులో లాకు సంబంధించిన పనులెన్ని? సేల్స్ ఉద్యోగాలను కూడా కలిపి చూపే చోట్లున్నాయి. కోర్టుకు వెళ్లేవాళ్లయితే ఈ లెక్కలన్నీ వదిలేసి, ఆ కాలేజీ పాత విద్యార్థుల్లో ఎవరెవరు ఏ బార్‌లో ఉన్నారో అడగండి. మొదటి సీనియర్‌ను వెతుక్కునే వేళ పనికొచ్చేది ఆ పరిచయమే.

7. ఇద్దరు జూనియర్లను కలవండి

పెద్ద పెద్ద సీనియర్లు తమ కాలపు కాలేజీని గుర్తుంచుకుని సలహా ఇస్తారు. మీకు కావాల్సింది రెండు కాలేజీల నుంచి ఒక్కొక్కరు, పట్టా పుచ్చుకుని మూడు నాలుగేళ్లయిన మనుషులు. భోజన విరామంలో విజయవాడ కోర్టుల సముదాయానికో, గుంటూరు జిల్లా కోర్టుకో వెళ్లి బార్ అసోసియేషన్ హాల్లో అడిగితే, వాళ్లే ఎవరో ఒకరిని చూపిస్తారు. "మళ్లీ చేరాల్సి వస్తే అక్కడే చేరతారా అన్నా?" అని అడగండి. తర్వాత "మొదటి ఏడాది ఎలా గడిచింది?" అని అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మొదటిదాని కంటే నిజాయితీగా ఉంటుంది.

అమ్మాయిల విషయంలో ఇంకొంచెం. "దూరం ఎందుకు, ఇంట్లోంచే వెళ్లు" అన్న మాట ప్రేమతో అన్నదే కావచ్చు. అయితే అదే మార్కులొచ్చిన కొడుకును పంపేవాళ్లమా అని తల్లిదండ్రులు ఒకసారి ఆలోచించాలి. హాస్టల్ భద్రత గురించి భయముంటే వెళ్లి హాస్టల్ చూడండి, అక్కడి అమ్మాయిలతో మాట్లాడండి. చూసి వద్దనడం వేరు, చూడకుండా వద్దనడం వేరు.

8. తేల్చుకున్నాక రెండో సీటు వదులుకునే తీరు

నిర్ణయమయ్యాక ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి, ప్రతి రోజుకూ డబ్బుంది. యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాలకు ప్రకటించిన చివరి తేదీకి కనీసం 15 రోజుల ముందు మానుకుంటే మొత్తం ఫీజు తిరిగివ్వాలి. అందులో ప్రాసెసింగ్ కింద 5 శాతం, గరిష్ఠంగా 5,000 మాత్రమే తగ్గించుకోవచ్చు. చివరి తేదీకి ముందు 15 రోజుల లోపయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80 శాతం, 16 నుంచి 30 రోజుల దాకా 50 శాతం, తర్వాత ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ వేరు, అది పూర్తిగా రావాలి. కొన్ని ఏళ్లలో యూజీసీ ఇంతకంటే ఉదారమైన గడువులు ప్రకటించింది కాబట్టి మీ ఏడాది ఉత్తర్వు చూసుకోండి. క్లాట్, లాసెట్ కౌన్సెలింగు రుసుములకు వాటి షరతులు వేరుగా ఉంటాయి.

ఫోనులో చెప్పి ఊరుకోవద్దు. ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ పేర, ప్రవేశ సంఖ్య, కట్టిన మొత్తం, రసీదు సంఖ్య, బ్యాంకు ఖాతా వివరాలతో సీటు రద్దు లేఖ రాసి ఈమెయిల్ చేయండి. అదే లేఖ ఆఫీసులో ఇచ్చి కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. టీసీ ఇచ్చి ఉంటే అదీ వెనక్కి తీసుకోండి, రెండో చోట అడిగేది ముందుగా దాన్నే. సర్టిఫికెట్లు గానీ డబ్బు గానీ ఆపితే అనుబంధ కాలేజీ విషయంలో విశ్వవిద్యాలయ రిజిస్ట్రార్‌కు రాయండి. యూజీసీ వారి ఈ-సమాధాన్ (e-Samadhan) పోర్టల్‌లో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు. ముద్ర వేసిన ఆ లేఖ కాపీని ఫిర్యాదుకు జత చేయాలి.